ఆలుగడ్డ జవాబు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగుతుంటే ఎవరో ఒక పిల్లవాడు విదేశీ చదువుల కరపత్రం చేతిలో పెడతాడు. నాకూ పెడతాడు. డెబ్బై దాటిన మనిషికి మాస్టర్స్ డిగ్రీ ఎందుకని వాడికి అనుమానం రాదు. ఈ వృత్తిలో అంత ఆశ ఉండాల్సిందే, తప్పుపట్టను.

ఆ పిల్లల కోసమే ఇది రాస్తున్నాను. వాళ్లను ఇప్పుడు కౌన్సెలర్లు అంటున్నారు. మా రోజుల్లో ఆ పేరు లేదు. ‘ఫారిన్ పోయేటోళ్లకు ఇంగ్లీషు చెప్పే నర్సింహ’ అనేవారు. ఈ రోడ్డు మీదే జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆ పని మొదలుపెట్టి, జుట్టు లేనప్పుడు మానేశాను. ఎంతమందిని ఏ దేశానికి పంపానో రాయను, అది గోడ మీద ఫొటోలు చేసే పని. నేను మాత్రం ఏ దేశమూ వెళ్లలేదు. పాస్‌పోర్టు కూడా లేదు. ఇన్నేళ్లలో అది ఉందా అని అడిగినవాళ్లూ లేరు.

మా ఆఫీసులో ఒక మాట ఉండేది. ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసేటప్పుడు విద్యార్థి అడిగిన దానికి కాక తాను కంఠతా పట్టిన దానికి జవాబు చెబితే, ఎదుటివాడు ‘ఆలుగడ్డ’ అనేవాడు. అంతే. విద్యార్థి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నా దగ్గర పనిచేసి వెళ్లినవాళ్లు ఆ మాటను ఎల్బీనగర్ దాకా, అక్కడి నుంచి పెద్ద అంబర్‌పేట దాకా మోసుకెళ్లారు. ఆ మాట వాడేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. అది పుట్టినప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను.

సీసాల దుకాణం

నేను బి.ఏ. అయ్యాక మొదటి కొలువు శేషగిరిరావు గారి దగ్గర. ఆయనది గుంటూరు వైపు. పెద్ద విగ్రహం, వేసవిలో కూడా కోటు. ఆయన విదేశానుభవం అంతా ఒకసారి బొంబాయి రేవులో ఎవరినో సాగనంపడానికి వెళ్లి ఓడను చూడటం. ఆ ఓడ గురించి గంటసేపు చెప్పగలరు.

దిల్‌సుఖ్‌నగర్ అప్పటికి రోడ్డుకు రెండు పక్కలా కొన్ని ఇళ్లు, వాటి వెనక ద్రాక్ష తోటలు. ఎల్బీనగర్ వైపు వెళ్లాలంటే ఏదో ఒక పని ఉండాలి, ఊరికే ఎవరూ వెళ్లేవారు కాదు. అలాంటి చోట సార్ ఒక గది కిరాయికి తీసుకుని ‘ఓవర్సీస్ ట్యుటోరియల్’ అని తెలుగులో బోర్డు రాయించారు. పెయింటరు స్థలం చాలక దాన్ని ‘ఓవర్ సీస్’ అని విడగొట్టి, కింది వరుసలో మిగిలింది రాశాడు. మొదటి వారంలోనే కొత్తపేట నుంచి ఒకామె గంపెడు ఖాళీ సీసాలు తెచ్చి గుమ్మంలో దించింది. మీరు పెద్ద సీసలే కొంటరా, చిన్నయి కూడ కొంటరా అని అడిగింది. సార్ ఆమెకు విదేశీ విద్య గురించి వివరించారు. ఆమె అంతా ఓపిగ్గా విని, అయితే చిన్నయి కొనరన్నమాట అని గంప ఎత్తుకుంది.

సార్ శిక్షణ అంతా సొంత పద్ధతి. చలి దేశానికి వెళ్లేవాళ్లు చలికి అలవాటు పడాలని ఐసు ఫ్యాక్టరీలో కూర్చోబెట్టేవారు. ఇద్దరికి జలుబు పట్టింది. దాన్ని ఆయన పురోగతి అన్నారు. బల్ల దగ్గర తినే మర్యాదలు నేర్పడానికి కత్తీ, ఫోర్కూ తెచ్చారు. ఒక్క జతే ఉండేది కనుక ఒకడు ఇడ్లీని పొడిచి పట్టుకుంటే ఇంకొకడు కోసేవాడు. ఇంగ్లండులో ఇద్దరు మనుషులు కలిసి ఒకే ఇడ్లీ తింటారని మా విద్యార్థుల్లో కొందరు నిజంగానే నమ్మారు.

నవ్వుతున్నాను గానీ ఆయన మోసగాడు కాదు. ఒక్కో విద్యార్థి కోసం సొంత బిడ్డకు పడ్డంత ఆరాటపడేవారు. ఈ వృత్తిలో తెలివి తక్కువైనా నడుస్తుంది, ఆ ఆరాటం లేకపోతే నడవదు. రెండూ ఉన్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

లేత బాల్యం

సార్ నమ్మకం ఒక్కటే. ఏ ఇంటర్వ్యూలోనైనా ప్రశ్నలు అవే వస్తాయి, అదే వరుసలో వస్తాయి. కనుక జవాబులు ఆయనే రాసి ఇచ్చేవారు. మొదటి ప్రశ్న ‘ఈ సబ్జెక్టే ఎందుకు?’ దానికి జవాబు ‘నా లేత బాల్యం నుంచే నాకు ఈ శాస్త్రం మీద అపారమైన మక్కువ’ అని చక్కటి ఇంగ్లీషులో. ఇంజనీరింగుకు వెళ్లేవాడిదీ లేత బాల్యమే, పశువైద్యానికి వెళ్లేవాడిదీ లేత బాల్యమే. ఒకే బాల్యాన్ని అంతమంది పంచుకున్న ఊరు ఇంకోటి ఉండదు.

ఎస్తేరుతో చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ పిల్ల బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరం. నల్లగొండ పల్లె నుంచి వచ్చి కొత్తపేటలో ఉంటున్న క్రైస్తవ కుటుంబం. తండ్రి ఏలియా నగరంలో ఒక పెద్ద దవాఖానలో వార్డు బాయ్, తల్లి మార్తమ్మ ద్రాక్ష తోటల్లో పనికి పోయేది. ఎస్తేరు మట్టి గురించి చదవాలనుకుంది. ఏ నేల ఎందుకు పండదు, పండాలంటే ఏం చేయాలి, అదీ ఆమె ధ్యాస. ఇంగ్లండు విశ్వవిద్యాలయం ఒకటి అటువంటి చదువుకు చేర్చుకుంటామని, అయితే తమ మనుషులు హైదరాబాదు వచ్చినప్పుడు మాట్లాడి చూస్తామని కబురు పెట్టింది.

ఆమెకూ లేత బాల్యమే ఇచ్చారు సార్. ఆమె చదివి తల ఎత్తింది.

“సార్, చిన్నప్పుడు మాకు మట్టి మీద మక్కువేం లేకుండె. చెప్పుల్లేకుంట నడిస్తె కాళ్లు కాలుతుండె.”

“అది వాళ్లకు అనవసరమమ్మా. నువ్వు కంఠతా పట్టు చాలు” అన్నారు సార్.

ఆమె పట్టింది. బుద్ధిమంతురాలు. కానీ చెప్పేటప్పుడు ముఖం ఎవరి ఇంటికో పొరపాటున వెళ్లినట్టు ఉండేది.

స్పోకెన్ తెలుగు

ఆ ఏడు, అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు వాయిదా పడ్డాయి, పొద్దున లేస్తే బంద్. ప్రాణాలు పోయిన ఇళ్లు ఉన్నాయి, వాటి జోలికి నా హాస్యం పోదు. మా రోడ్డు వరకు జరిగింది మాత్రం చెబుతాను. కోస్తా నుంచి వచ్చినవాళ్లు బయట నోరు తెరవడానికి వెనకాడే రోజులవి. సార్ అంగడికి వెళ్లి ఉల్లిపాయలు అడగడం మానేసి, వేలు పెట్టి చూపించి తెచ్చుకునేవారు.

ఇంగ్లండు నుంచి ఒక ప్రొఫెసరూ ఒక మేడమూ వచ్చి అబిడ్స్ దగ్గర అతిథి గృహంలో దిగారు. ఇంటర్వ్యూలు ఒక్క రోజే, మర్నాడు పొద్దున వాళ్లకు మద్రాసు రైలు. సరిగ్గా ఆ రోజే బంద్. బస్సుల్లేవు, రిక్షాలు కట్టేశారు. ఆ రోజు పోతే ఎస్తేరు సీటు పోయినట్టే.

నడిచి వెళ్లొచ్చు, అప్పటి కాళ్లకు అదేమంత దూరం కాదు. కానీ ఏలియా ముందు రోజు నుంచే డ్యూటీలో ఉన్నాడు. మార్తమ్మ ఒక్కటే మాట అంది, “సార్ ఎంబడి పోతెనే పంపుత.” సార్‌కు అంతకన్నా గౌరవం లేదు. తానే పిల్లను ప్రొఫెసరుకు పరిచయం చేయాలని ఆయన ఎప్పుడో నిశ్చయించుకున్నారు.

“సార్, మీరు గిట్ల మాట్లాడితె మలక్‌పేట కూడ దాటం” అంది ఎస్తేరు.

నేను సులువైన మార్గం చెప్పాను. దారి పొడుగునా సార్ మూగవాడిలా ఉంటే చాలు.

“మాట్లాడటం నేర్పేవాణ్ని నేను మూగగా ఉండాలిటయ్యా నరసింహం?” అన్నారు. నా పేరు నర్సింహ. ఆయన దగ్గర ఉన్నంతకాలం దానికి ఒక సున్నా ఎక్కువ తగిలించారు.

“ఒక్క పూటే కదా సార్.”

“ఒక్క నిమిషం కూడా కుదరదు.”

అది నిజం. ఆయన నిమిషంపాటు ఊరుకోవడం మేమెవరమూ చూడలేదు. కనుక ముందు రోజు సాయంత్రం ఎస్తేరు ఆయనకు తెలుగు పాఠం పెట్టింది. నేను బెంచీ మీద కూర్చుని చూశాను. అంత సుఖమైన సాయంత్రం నా ఉద్యోగంలో మళ్లీ రాలేదు.

ఆమె ఇంటి నుంచి తెచ్చిన దుంప ఎత్తి చూపించింది. “ఇదేంది సార్?”

“బంగాళాదుంప.”

“ఆలుగడ్డ సార్.”

“ఆలుగడ్డ” అన్నారు సార్, నేరస్థుణ్ని గుర్తుపట్టినట్టు.

“గట్ల కాదు. బిగ్గరగ చెప్పుండ్రి. కండ్లల్ల చూసి చెప్పుండ్రి. నవ్వు మొఖంతోని చెప్పుండ్రి.”

ఆ మూడు సూత్రాలూ ఆయనవే. తనకు తిరిగొచ్చేసరికి కొంచెం కష్టంగా అనిపించినట్టుంది, నుదురు తుడుచుకున్నారు.

తన పద్ధతి మాత్రం వదల్లేదు. రోడ్డు మీద ఆపినవాళ్లు ఏం అడుగుతారో తానే నిర్ణయించి నల్లబల్ల మీద వరుసగా రాశారు. ఏడికి వోతున్నవ్? దవాఖానకు వోతున్న. ఎవలకు బాగలేదు? మా బామ్మర్దికి. ఏ ఊరు? కొత్తపేట. పొద్దుగాల ఏం తిన్నవ్? ఆలుగడ్డ కూర.

రాళ్లు పట్టుకుని నిలబడినవాళ్లు పొద్దున ఏం తిన్నావని ఎందుకు అడుగుతారు సార్ అన్నాను. ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒక సామాన్య ప్రశ్న తప్పకుండా ఉంటుందయ్యా అన్నారు.

మూసారాంబాగ్‌లో ఇంటర్వ్యూ

మర్నాడు బయలుదేరాం. ఎస్తేరు ఇస్త్రీ చీర, నేను లాల్చీ, సార్ కోటు. ఎండ మాడిపోతున్నా కోటు విప్పనన్నారు. మూసారాంబాగ్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక బండి, చుట్టూ రాళ్లు, కొంతమంది విద్యార్థులు. తలకు రుమాలు కట్టుకున్న ఒక బక్క పోరడు చెయ్యి ఎత్తాడు. నేను జవాబు చెప్పేలోపే వాడు కోటు దగ్గరికి పోయాడు. కోటు వేసుకున్నందుకు అదొక గౌరవం.

“ఏ ఊరు పెద్దమనిషి మీది?”

నల్లబల్ల మీద అది మూడో ప్రశ్న. సార్ మొదటి జవాబు చెప్పారు. “దవాఖానకు వోతున్న.”

పోరడు తల ఊపాడు. “మంచిది. పేరేంది మీది?”

“మా బామ్మర్దికి.”

“మీ బామ్మర్దికేమైంది?”

“కొత్తపేట.”

పోరడు నా వంక చూశాడు, ఎస్తేరు వంక చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. “పెద్దాయనా, నీకేమన్న అయిందా?”

సార్ బిగ్గరగా, కళ్లలోకి చూసి, నవ్వు మొఖంతో అన్నారు, “ఆలుగడ్డ కూర.”

ఉచ్చారణలో మాత్రం ఒక్క తప్పు లేదు, అది ఎస్తేరు గొప్పదనం. పోరడు సార్ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. మండే ఎండలో కోటు వేసుకు నడిచిన నుదురు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

“మస్తు కాలుతున్నది. ఎండ దెబ్బ దిమాక్‌కు ఎక్కింది” అని నా మీద తిరగబడ్డాడు. “గిసుంటి మనిషిని నడిపిచ్చుకుంట తీస్కపోతున్నవా? సిగ్గు లేదా నీకు?”

నాకు లేకపోవడం వాస్తవమే. ఎస్తేరు ముందుకొచ్చింది.

“జర తొందరగ పోవాలె అన్నా” అంది. అందులో అబద్ధం ఏమీ లేదు.

పక్క సందులో తాళం వేసి ఉన్న రిక్షా బయటికొచ్చింది. సార్‌ను ఎత్తి కూర్చోబెట్టారు. ఆయన పెదవులు కదిలాయి. కోస్తా తెలుగు ఒక మాట పెదవి దాకా వచ్చి ఉంటుంది. ఎస్తేరు ఆయన చెవి దగ్గరికి వంగింది.

“సార్, ఇంక ప్రశ్నల్లేవు.”

ఆయన నోరు మూసుకున్నారు. నిమిషం కాదు, చాదర్‌ఘాట్ వంతెన దాటేదాకా.

ముందు రెండు సైకిళ్లు, వెనక మేము, మధ్యలో కోటు. అడ్డంకి వచ్చిన ప్రతి చోటా ముందు సైకిల్ మీది పోరడు అరిచేవాడు. “జరుగుండ్రి, పెద్దమనిషికి బాగలేదు. బామ్మర్దికి కొత్తపేట అయిందంటున్నడు.” రాళ్లు పక్కకు జరిగేవి. ఆ రోజు నగరంలో మంత్రులు కూడా అంత నిరాటంకంగా తిరిగి ఉండరు.

ఒక్కటే ఇబ్బంది. ఆ పిల్లలు మంచివాళ్లు. ఎస్తేరు తండ్రి పనిచేసే దవాఖాన గేటు దగ్గర వదలకుండా లోపల మంచం మీద పడుకోబెట్టేదాకా వచ్చారు. వార్డులో ఏలియా డ్యూటీ చేస్తున్నాడు. మంచం మీద సార్‌ను, పక్కన ఇస్త్రీ చీరలో కూతుర్ని చూశాడు.

“ఇంటర్వ్యూ ఈడ్నేనా?” అన్నాడు.

ఎస్తేరు గబగబా చెప్పింది. సార్ లేవబోయారు, గుమ్మంలో కాపలా ఉన్న పిల్లలు మళ్లీ పడుకోబెట్టారు. ఏలియా సార్ కాళ్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. “నువ్వు పో బిడ్డా, సార్‌ను నేను చూస్కుంట.”

సార్ ముఖంలో అప్పుడు నిజంగానే జబ్బు కనిపించింది. పిల్లను తాను లేకుండా ఇంటర్వ్యూకు పంపుతున్నానన్న బెంగ అది. ఆమె చెయ్యి పట్టుకుని “లేత బాల్యం మరిచిపోకమ్మా” అన్నారు.

అసలు ఇంటర్వ్యూ

అతిథి గృహం వరండాలో నేను ఆగాను, ఎస్తేరు లోపలికి వెళ్లింది. లోపల జరిగింది ఆమె చెప్పిన మాటల మీద రాస్తున్నాను.

ఆమెకన్నా ముందు మా ట్యుటోరియల్ పిల్లలే ఇద్దరు, నగరంలో ఉంటున్నవాళ్లు, ఇంటర్వ్యూ ఇచ్చి వెళ్లారట. వాళ్లలో ఒకణ్ని ప్రయాణం ఎలా జరిగిందని అడిగితే లేత బాల్యం చెప్పాడు. ఇంకొకణ్ని మంచినీళ్లు కావాలా అని అడిగితే చెప్పాడు. ఎస్తేరు కూర్చోగానే మేడమ్ నవ్వు ఆపుకుంటూ అడిగింది, నీది కూడా లేత బాల్యమేనా అని.

లేత అనడానికి సార్ రాసిన ‘టెండర్’ అన్న ఇంగ్లీషు మాటకు మెత్తన అన్న అర్థం కూడా ఉందని ఎస్తేరుకు తెలుసు. “లేదు మేడమ్, మాది గట్టి నేల” అంది.

ప్రొఫెసరు కుర్చీ ముందుకు లాక్కున్నాడట. ఎంత గట్టిది అన్నాడు. చెప్పులు లేని కాళ్ల దగ్గర మొదలుపెట్టింది. వాన పడ్డా నీరు ఇంకని చేను, పైన తెల్లగా పేరుకునే ఉప్పు, అమ్మ పనిచేసే ద్రాక్ష తోటలో మాత్రం అదే ఎర్ర నేల ఎందుకు పండుతుందో తాను ఊహించిన కారణం. ఆ కారణం తప్పని ప్రొఫెసరు అన్నాడు. ఎందుకు తప్పు అని ఈమె అడిగింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ వాదించుకున్నారు, మేడమ్ టీ తాగింది. ఇంగ్లీషులో తప్పులు చాలా పోయాయని ఎస్తేరే చెప్పింది. వాటిని దిద్దే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది.

వాయిదా పడ్డ పరీక్షలు ఎప్పుడు జరిగినా సరే, పాసైతే చాలు, సీటు ఉంటుందని చెప్పి పంపారు.

దవాఖానకు తిరిగొచ్చేసరికి సార్ దిండుకు ఆనుకుని ఉన్నారు. ఏలియా గ్లూకోజు నీళ్లు తాగిస్తున్నాడు.

“లేత బాల్యం అడిగారా?”

“అడిగిన్రు సార్.”

“చెప్పావా?”

“లేదని చెప్పిన.”

సార్ మళ్లీ పడుకున్నారు. సీటు వచ్చిందన్న మాట ఆమె రెండోసారి చెబితే గానీ కళ్లు తెరవలేదు. తెరిచాక కొంచెంసేపు అవి తడిగా ఉన్నాయి. గ్లూకోజు ఎక్కువైందన్నారు.

కొత్తవాళ్లకు ఒక మాట

దీనితో సార్ మారిపోయారని రాయాలని ఉంది. మర్నాడే బల్ల మీద కొత్త జవాబులు రాశారు. మనుషులు అంత తొందరగా పాడవ్వరు, అంత తొందరగా బాగుపడరు. మారింది ఒక్కటే. ఎవడైనా అడగని దానికి జవాబు చెబితే నేను వెనక బెంచీ నుంచి ‘ఆలుగడ్డ’ అనేవాణ్ని. సార్ కోపంగా చూసి, మళ్లీ మొదటి నుంచి చెప్పించేవారు.

తర్వాత ఈ రోడ్డు మీదే నా సొంత ఆఫీసు పెట్టాను. ఒక కుర్రాడు వీసా కిటికీ దగ్గర, గుడ్ మార్నింగ్ అన్న ఆఫీసరుకు, ‘చదువు అయిపోగానే నా దేశానికి తిరిగొస్తాను సర్’ అని జవాబు చెప్పాడు. ఆఫీసరు ఇప్పుడే వెళ్లొచ్చు అన్నాడు. మీరు ఇవాళ రాసిచ్చే వ్యాసాల్లో లేత బాల్యం పోయి ‘ప్యాషన్’ వచ్చింది. దుంప అదే. జవాబులు నేర్పడం సులువు, తల్లిదండ్రులకు కళ్ల ముందు కనిపిస్తుంది. ప్రశ్న వినడం నేర్పండి. కనిపించదు గనుక ఎవరూ మెచ్చుకోరు. అయినా నేర్పండి.

ఎస్తేరు పరీక్షలు ఆలస్యంగా జరిగాయి, పాసైంది. బొంబాయి రైలు ఎక్కే రోజు స్టేషనుకు అందరం వెళ్లాం. సార్ కోటు లోపల వీడ్కోలు ఉపన్యాసం ఉంది. వారం నుంచి కంఠతా పడుతున్నారు, బొంబాయి రేవు ఓడతో సహా. గొంతు సవరించుకున్నారు. ఎస్తేరు ఆయన చేతులు పట్టుకుంది.

“ఏం తిని వచ్చిన్రు సార్?”

సార్ నోరు తెరిచారు. ఉపన్యాసం రాలేదు. రైలు కూత వేసింది. అప్పుడు ఆమె కళ్లలోకి చూసి, బిగ్గరగా, నవ్వు మొఖంతో అన్నారు.

“ఆలుగడ్డ కూర.”

ఆ జవాబుకు తగిన ప్రశ్న ఇన్నాళ్లకు దొరికింది. మార్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది, ఏలియా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను మాత్రం ‘ఆలుగడ్డ’ అనలేదు. ఆ పొద్దున సార్ ఇంట్లో నేనూ తిన్నాను. వండింది దొండకాయ.